మసి అంటని తొట్టి

"ఇటుక దింపావంటే ఆ లారీ చక్రం కింద నేను పడుకుంటాను," అంది నాగేంద్రమ్మ.

అన్నదే గాని పడుకునే ఉద్దేశం ఆవిడకి ఏ కోశానా లేదు. కాలిపోయిన ఇంటి అరుగు మీద కుర్చీ వేయించుకుని, కాలు మీద కాలు వేసుకుని కాఫీ తాగుతోంది. లారీ డ్రైవరు మాత్రం ఆ మాట నిజమే అనుకున్నాడు. ఇంజను ఆపేసి కిందికి దిగాడు.

"అమ్మా, రేపు శంకుస్థాపన పెట్టుకుని ఇవాళ ఇదేంటి?" రాజేంద్రప్రసాద్ గొంతు తగ్గించి అడిగాడు. ఇల్లు బాన్సువాడ నుంచి పిట్లం వెళ్ళే రోడ్డు పక్కనే ఉంది. సైకిళ్ళ మీద పొలాలకి పోయేవాళ్ళు అప్పుడే ఒక కాలు నేలకి ఆనించి చూస్తున్నారు.

"శంకుస్థాపన నువ్వు పెట్టుకున్నావు, మీ బాబాయ్ పెట్టించాడు. నన్నెవరూ అడగలేదు. నేను ఈ ఇల్లు అమ్మేస్తున్నాను."

"ఎవరికి?"

"చెబుతాను. ముందు ఈ ఇటుక సంగతి చూడు. పాపం ఆ డ్రైవరు ఎండలో నిలబడ్డాడు."

రాజేంద్రప్రసాద్ డ్రైవరు వైపు చూడలేదు. తల్లి వెనకనున్న గోడల వైపు చూశాడు. ఫాల్గుణంలో కాలిన ఇల్లు. వైశాఖం వచ్చినా వాసన పోలేదు. పెంకులన్నీ లోపలికి కూలాయి. టేకు దూలాలు సగం కాలి వేలాడుతున్నాయి. తల్లీ కొడుకులు రెండు నెలలుగా పక్కనున్న ట్రాక్టరు షెడ్డులో సర్దుకుంటున్నారు. కోడలు సిరీష మాత్రం కాలిన చేతికి కట్టుతో పిట్లంలోని పుట్టింటికి వెళ్ళింది. మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు.

"కట్టి చూపిస్తానన్నాను గదమ్మా. ఇదే పునాది మీద, ఇదే ప్లానుతో. దసరాకి గృహప్రవేశం చేద్దాం."

"ఎవరికిరా చూపించడం?"

జవాబు ఇద్దరికీ తెలుసు. ఇదే ప్లానుతో ఇల్లు మళ్ళీ లేచి నిలబడితే, తప్పు ఇంటిది కాదని తేలుతుంది. ఇంటిది కాకపోతే ఆ సాయంత్రం వంట చేసిన మనిషిది. ఇక్కడ పెట్టే ప్రతి ఇటుకా సిరీష మీద మోపే నేరమేనని నాగేంద్రమ్మకి ఎప్పుడో అర్థమైంది. ఇల్లు పోతే ఇంకో ఇల్లు దొరుకుతుంది, అలాంటి కోడలు దొరకదని ఆవిడ నమ్మకం. అందుకే అమ్మకానికి పెట్టింది.

అంతలో హరనాథబాబు స్కూటరు వచ్చి లారీ వెనక ఆగింది. ఆయన నాగేంద్రమ్మకి మరిది. అన్నగారు పోయాక ఈ కుటుంబానికీ, అంతకు ముందునుంచే క్యాంపు మొత్తానికీ పెద్ద. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద పొలాలు కొనుక్కున్నవాళ్ళు కట్టుకున్న ఇళ్ళ వరసని ఇక్కడ క్యాంపు అంటారు. నాలుగైదేళ్ళుగా ఈ క్యాంపులో హరనాథబాబు కదిలించని గోడ లేదు. ఎవరింట్లో జ్వరం తగ్గకపోయినా, ఎవరి గేదె చూలు కట్టకపోయినా, వాస్తు సిద్ధాంతిని వెంటబెట్టుకుని దిగేవాడు. ఆయన పుణ్యమా అని క్యాంపులో సగం కిటికీలు మూతపడ్డాయి.

నాగేంద్రమ్మ వంటగది ఇరవయ్యేళ్ళు బావి పక్కన ఈశాన్యపు మూల ఉండేది. ఈశాన్యంలో నిప్పు పనికిరాదు, ఆగ్నేయానికి మార్చమన్నాడు సిద్ధాంతి. ఆగ్నేయంలో ఉన్నది గోనె సంచులు పెట్టుకునే గది. సంచులు ఒక పక్కకి జరిపి, మధ్యలో తడిక అడ్డం పెట్టి, ఊక పొయ్యి అక్కడ వేశారు.

ఊక పొయ్యి పైకి ఆరినట్టే ఉంటుంది గాని లోపల చాలాసేపు కణకణలాడుతూనే ఉంటుంది. వంట అయ్యాక దాని మీద చెంబెడు నీళ్ళు కొట్టడం వడ్ల మధ్య పెరిగిన ప్రతి ఆడపిల్లకీ చిన్నప్పటి అలవాటు. ఆ రోజు సిరీష నీళ్ళు కొట్టలేదు. 'పక్కనే తొట్టినిండా నీళ్ళున్నాయి, కంగారులో మర్చిపోయింది' అని రాజేంద్రప్రసాద్ క్యాంపు అంతటికీ చెప్పాడు. 'నీళ్ళు లేవు' అని సిరీష ఒక్కసారి అంది. రెండోసారి అనలేదు.

"ఏంటి వదినా, రోడ్డు మీద ఈ పంచాయితీ?" హరనాథబాబు పంచె సర్దుకుంటూ అరుగు దగ్గరికి వచ్చాడు.

"పంచాయితీ ఏముంది. ఇల్లు కాసింకి అమ్ముతున్నాను."

"ఏ కాసిం? బస్టాండు దగ్గర బేకరీ కాసిమా?"

"ఆ కాసిమే."

హరనాథబాబు ఒంటికాలి మీద లేచాడు. "క్యాంపులో ఇల్లు తీసుకెళ్ళి బయటివాళ్ళ చేతిలో పెడతావా? రేపు మనవాళ్ళకి నేను మొహం ఎలా చూపించను?"

"ముప్ఫై ఏళ్ళ కిందట ఇక్కడ బయటివాళ్ళం మనమే. ఈ స్థలం మీ అన్నయ్యకి అమ్మింది కాసిం వాళ్ళ నాన్న. మీరెవరు, ఎక్కణ్ణుంచి వచ్చారని ఆయన అడగలేదు. కూర్చోబెట్టి చాయ్ పోయించాడు. ఆ చాయ్ మీరూ తాగారు."

"అది వేరు."

"ఏం వేరు?"

"కాలిన ఇల్లు కాలినట్టే అమ్ముకుంటే పారిపోయారంటారు," అన్నాడు హరనాథబాబు మాట మార్చి.

"పారిపోయేది ఎక్కడికి? బస్టాండు వెనక్కి. అక్కడ డాబా ఒకటి కిరాయికి మాట్లాడాను. ఇక్కణ్ణుంచి కేకేస్తే వినపడుతుంది."

"వాడికి మాటిచ్చేశావా?"

"ఇచ్చేశాను. ఇల్లు నా పేరున ఉంది. మీ సంగతి తెలిసే మీ అన్నయ్య అలా పెట్టి పోయాడనుకుంటాను."

హరనాథబాబు మొహం ఎర్రబడింది. రాజేంద్రప్రసాద్ వైపు తిరిగి, తల్లి అక్కడ లేనట్టే మాట్లాడాడు. "ముహూర్తం ముహూర్తమే. రేపు ఎనిమిదింటికి పంతులుగారు వస్తారు, క్యాంపు అంతా వస్తుంది. అందరి ముందూ ఈవిడ ఎలా ఆపుతుందో నేనూ చూస్తాను."

"రమ్మనండి. పంతులుగారికి కాఫీ నేనే ఇస్తాను," అంది నాగేంద్రమ్మ. తర్వాత డ్రైవరుని పిలిచింది. "అబ్బాయ్, ఆ ఇటుక తీసుకెళ్ళి ఈ బాబుగారి ఇంటి ముందు దింపు. ఆయన ఎలాగూ ఏదో ఒక గోడ కడుతూనే ఉంటారు."

*

ఎండ ముదరకముందే కాసిం వచ్చాడు. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. చొక్కా చేతుల మీద ఎప్పుడూ మైదా పిండి ఉంటుంది. ఇంటిని రోడ్డు మీంచి చూశాడే గాని లోపలికి రావడం ఇదే మొదలు.

"లోపట్కి పోయి చూడొచ్చా అక్కా?"

"నీ ఇల్లే అనుకుని చూడు."

రాజేంద్రప్రసాద్ చేతులు కట్టుకుని వెనకే నడిచాడు. బేరం చెడగొట్టే దారి వెతుక్కుంటున్నాడని తల్లికి తెలుసు.

"చూసేదేముంది కాసిం భాయ్, అంతా బూడిద. అరిష్టం పట్టిన ఇల్లంటున్నారు జనం. తర్వాత నన్ననకు," అన్నాడతను.

కాసిం నవ్వాడు. "నాకు గా ఫికర్ లేదు రాజేంద్రన్నా. పొద్దుగాల లేస్తే నిప్పు ముందల్నే నా బతుకు. రొట్టెలు కాల్చే భట్టీ గీ మూలకే వేస్తా." వంటగది గోడని అరచేత్తో చరిచాడు. "గీ గోడ ఒకపారి కాలింది. ఇగ దీనికి భయమేంది?"

ఆ మాట నాగేంద్రమ్మకి బ్రహ్మాండంగా నచ్చింది. క్యాంపులో ఎవరైనా కొని ఉంటే శాంతులు చేయించి, గోడలు పడగొట్టి, ఇంకా లోకువ కట్టి మాట్లాడేవారు. ఈ మనిషికి నిప్పంటే పని, అంతే.

పెరట్లోకి వచ్చారు. బావి గట్టు దగ్గర భూమవ్వ గిన్నెలు తోముతోంది. ఆ ఇంట్లో ఆమెది పాత కొలువు. కాసిం చేదతో నీళ్ళు తోడి, దోసిట్లో పోసుకుని తాగి చూశాడు.

"మీఠా పానీ. పిండి కలపనీకి మంచిగుంటయి." అటూ ఇటూ చూసి, గట్టు పక్కనున్న సిమెంటు తొట్టి దగ్గర ఆగాడు. "అక్కా, గీ తొట్టి ఇంటితోటి ఇస్తరా, మీరు తీస్కపోతరా?"

"తొట్టిదేముంది, ఉంచుకో."

కాసిం తొట్టి అంచు మీద ఎడమ చెయ్యి రాశాడు. ఆ చెయ్యి చూసుకున్నాడు. గోడ చరిచిన కుడి అరచెయ్యి నల్లగా ఉంది. ఎడమ చెయ్యి తెల్లగానే ఉంది.

"ఇంట్ల సామానంత నల్లగైంది గదా. గిదొక్కటి గట్లనే ఉన్నది. ఆ దినం గీడ్నే ఉండెనా?"

అతను ఊరికే అడిగాడు. కొనేవాడు అడిగే మాటే అది. భూమవ్వ చేతిలో గిన్నె ఆగిపోయింది.

"నన్ను చూడకున్రి," అంది ఆమె. "నేను ఆ దినం మా బిడ్డింటికి పెద్ద కొడప్‌గల్ పోయిన. నాకేం ఎర్క లేదు."

ఆమెని ఎవరూ చూడలేదు, అడగలేదు.

నాగేంద్రమ్మ కొడుకు వైపు చూసింది. అతను బావిలోకి చూస్తున్నాడు. చెవుల చివరలు ఎర్రగా ఉన్నాయి. చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చిన రోజు కూడా ఆ చెవులు అలాగే ఉన్నాయి.

కాసిం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

"లేదు కాసిం. సరిగ్గానే అడిగావు."

"అయితే పోయొస్త. జబాన్ అంటె జబానే గదా అక్కా?"

"జబానే. ఇచ్చిన మాట తప్పను. నువ్వు నిశ్చింతగా వెళ్ళు."

అతను గేటు దాటేదాకా తల్లీ కొడుకులు కదల్లేదు.

"రాజేంద్రా."

"ఏంటి?"

"ఈ తొట్టి ఇక్కడికి ఎప్పుడొచ్చింది?"

"మంటలార్పేటప్పుడు ఎవరో లాగేసి ఉంటారు."

"నీళ్ళున్న తొట్టిని? ఖాళీది ఎత్తాలన్నా ఇద్దరు కావాలి. మండుతున్న గదిలోంచి మసి అంటకుండా లాక్కొచ్చిన ఆ మహానుభావులెవరో చెప్పు, దండం పెట్టుకుంటాను."

"ఆ గందరగోళంలో నాకేం గుర్తుంటుందమ్మా?" రాజేంద్రప్రసాద్ విసుక్కున్నాడు. "బాబాయ్‌ని అడుగు, ఆయనకే..."

అక్కడితో నాలుక కరుచుకున్నాడు. ఇల్లు కాలిన రోజు నాగేంద్రమ్మ పొద్దున్నుంచీ పొలంలోనే ఉంది. ఆ పొద్దున బాబాయ్ ఇంటికి వచ్చినట్టు ఇంతవరకూ ఎవరూ అనలేదు. అతను గబగబా షెడ్డులోకి వెళ్ళిపోయాడు. నాగేంద్రమ్మ వెనక్కి పిలవలేదు. చీర మార్చుకుని పిట్లం బస్సెక్కింది.

*

సిరీష ఇంట్లో లేదు. బజారులో వాళ్ళ నాన్న ఎరువుల కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చుని ఉంది. జుక్కల్ వైపు నుంచి వచ్చిన రైతు మరాఠీలో ఏదో అడిగాడు. ఆమె మరాఠీలోనే జవాబిచ్చి, విత్తనాల సంచి తీయించింది. కోడలికి మరాఠీ వచ్చని నాగేంద్రమ్మకి పెళ్ళయిన ఆరేళ్ళకి తెలిసింది.

కట్టు విప్పేశారు. మణికట్టు నుంచి మోచేతి దాకా కొత్త చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది. సిరీష దాన్ని కొంగుతో కప్పుకోలేదు.

"కూర్చోండి అత్తయ్యా. ఎండలో వచ్చారు," అంటూ మంచినీళ్ళిచ్చింది.

"ఇల్లు అమ్మేశాను సిరీ."

"మంచి పని చేశారు."

"ఆ వంటగదీ లేదు, ఆ పీడా లేదు. బస్టాండు వెనక డాబా చూశాను. గాలీ వెలుతురూ బాగున్నాయి. నువ్వొస్తే సామాను సర్దుకుందాం."

"నేను రాను."

ఇంత తొందరగా ఆ మాట వస్తుందని నాగేంద్రమ్మ అనుకోలేదు. "ఆ ఇంటికి రానన్నావు. ఇది ఆ ఇల్లు కాదు గదమ్మా."

"కొత్త వీధిలో వాళ్ళు అడగరా, మీ పాత ఇల్లు ఎలా కాలిందని? ఆయన ఏం చెబుతారు? అదే చెబుతారు. నేను లోపలి గదిలో కూర్చుని వినాలి. దానికి ఈ ఇల్లయితేనేం, ఆ ఇల్లయితేనేం."

ఇంకో రైతు వచ్చి పురుగుమందు అడిగాడు. సిరీష లేచి ఇచ్చి వచ్చింది. అంతసేపూ నాగేంద్రమ్మ గ్లాసు చేత్తో పట్టుకునే ఉంది.

"తొట్టి సంగతి నాకు తెలిసింది," అంది.

సిరీష రాస్తున్న కలం ఆపింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఇల్లు కొంటున్న బేకరీ కాసింకి తొట్టి కూడా ఇస్తానన్నాను. అతను చెయ్యి పెట్టి చూశాడు. మసి లేదు."

సిరీష చిన్నగా నవ్వింది. అందులో సంతోషం లేదు. "ఆ రోజు పొద్దున నేను గుడికి వెళ్ళాను. సాయంత్రం వంటయ్యాక నీళ్ళు కొడదామని చూస్తే తొట్టి లేదు. బావి దగ్గరికి పరుగెత్తాను. అక్కడుంది, ఖాళీగా. చేద వేసి తోడుకుని తిరిగేసరికి తడిక అంటుకుంది." ఆగి, మళ్ళీ అంది. "రెండు నెలలుగా ఎదురు చూస్తున్నాను, అది ఎవరి కంట పడుతుందా అని. చివరికి కొనడానికొచ్చిన మనిషి కంట పడింది. మీరు చూడలేదా అత్తయ్యా?"

నాగేంద్రమ్మ గ్లాసు కింద పెట్టింది.

రోజూ పొలం నుంచి వచ్చి ఆ తొట్టిలో నీళ్ళతోనే కాళ్ళు కడుక్కుంటోంది. మంటలార్పినవాళ్ళు బయటికి లాగి ఉంటారని మొదటి రోజు అనుకుంది. మిగతా రోజులు అది కూడా అనుకోలేదు. కొడుకు అబద్ధమాడాడని అనుకోవడం కంటే అది సులువుగా ఉంది. ఇందాక పెరట్లో కొడుకుని నిలదీసిన గొంతు ఇప్పుడు ఆవిడకి గుర్తొచ్చింది. సిగ్గుతో ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"చూశాను," అంది. "చూసి ఊరుకున్నాను. తప్పు నాది కూడా."

సిరీష అత్తగారిని ఓదార్చలేదు. కలం పక్కన పెట్టింది.

"నేను చెప్పుకుంటే అది సంజాయిషీ అవుతుంది," అంది. "ఆయన నోటితో రావాలి. ఎవరి ముందు నన్నన్నారో వాళ్ళందరి ముందూ. అప్పుడు వచ్చేదీ రానిదీ ఆలోచిస్తాను."

"రేపు ఎనిమిదింటికి శంకుస్థాపన. క్యాంపు అంతా వస్తుంది."

"ఇల్లు అమ్మేశానన్నారుగా?"

"అమ్మేశాను. అయినా పంతులుగార్ని రమ్మన్నాను. ఆ జనమంతా ఒకచోటికి మళ్ళీ ఎప్పుడు చేరతారు?" నాగేంద్రమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. అప్పటికి ఆవిడ గొంతు మామూలైపోయింది. "నిన్ను రమ్మని అడగను. పొద్దున ఏడింటికి బస్సుంది. ఆ మాట చెప్పి పోతున్నాను."

*

అన్నట్టే మర్నాడు పంతులుగారికి కాఫీ నాగేంద్రమ్మే ఇచ్చింది. వదిన దారికొచ్చిందనుకుని హరనాథబాబు పట్టు పంచెలో హుషారుగా తిరుగుతున్నాడు. క్యాంపులో ఆడా మగా అంతా వచ్చారు. కబురందుకున్న కాసిం లోపలికి రావాలో వద్దో తెలియక గేటు దగ్గరే నిలబడ్డాడు.

"కలశంలోకి నీళ్ళు కావాలి," అన్నారు పంతులుగారు.

నాగేంద్రమ్మ ఇత్తడి చెంబు కొడుకు చేతికిచ్చింది. "తొట్టిలోవి తీసుకురా."

"అవును, అవే తీసుకురా. ఈశాన్యపు నీళ్ళు శ్రేష్ఠం," అన్నాడు హరనాథబాబు.

రాజేంద్రప్రసాద్ వెళ్ళి చెంబు ముంచాడు. లేవలేదు. అప్పుడే పిట్లం బస్సు ఇంటి ముందు ఆగింది. సిరీష దిగింది. గేటు దాటి లోపలికి రాకుండా కాసిం పక్కనే ఆగింది. రాజేంద్రప్రసాద్ తలెత్తి ఆమె చేతిని చూశాడు. కట్టు విప్పాక అతను ఆ చేతిని చూడడం అదే మొదలు.

అంతవరకూ ఉన్న ధీమా నాగేంద్రమ్మకి పోయింది. ఇప్పుడు వీడు ఆ నీళ్ళు తెచ్చి మాట్లాడకుండా కలశంలో పోస్తే ఇక అంతే. ఇల్లు అమ్మినా, కట్టినా ఆ పిల్ల రాదు.

"బాబాయ్," అన్నాడు రాజేంద్రప్రసాద్. "ఆ రోజు పొద్దున కూడా మీరు ఈ మాటే అన్నారు."

"ఏ రోజురా?"

"ఇల్లు కాలిన రోజు. ఆగ్నేయంలో నీళ్ళుండకూడదు, తొట్టి ఈశాన్యానికి మార్చెయ్యమన్నారు. నీళ్ళు పారబోసి, మీరొక వైపు, నేనొక వైపు పట్టుకుని ఇక్కడికి మోసుకొచ్చాం. సిరీష ఇంట్లో లేదు. ఆమెతో చెప్పాలని నాకు తోచలేదు."

పంతులుగారు మంత్రం ఆపేశారు. ఆడవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి.

హరనాథబాబు మొహం మాడిపోయింది. కానీ ఆయనా తక్కువ మనిషి కాదు. "నేను మార్చమన్నాను. కాదనను. తొట్టి అక్కడే ఉంది, పెళ్ళాం మర్చిపోయింది అని ఊరంతా చెప్పింది మాత్రం నువ్వు. అది నేను చెప్పమనలేదు."

"లేదు. అది నేనే చెప్పాను. అబద్ధం చెప్పాను." రాజేంద్రప్రసాద్ లేచి నిలబడ్డాడు. "భయమేసి చెప్పాను. తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాను."

"ముహూర్తం దాటిపోతోందండీ," అన్నారు పంతులుగారు. ఆయన మాట ఎవరూ చెవిన వేసుకోలేదు.

సిరీష లోపలికి వచ్చింది. భర్త మొహంలోకి చూడకుండా అతని చేతిలో చెంబు తీసుకుంది. పగిలిన పెంకుల మీంచి నడిచి కాలిన వంటగదిలోకి వెళ్ళింది. ఊక పొయ్యి ఇంకా అక్కడే ఉంది, సగం బూడిదతో, సగం కాలని ఊకతో. చెంబెడు నీళ్ళూ దాని మీద పోసింది. బూడిద కిందికి దిగి, నల్లటి నీళ్ళు గడప దాకా పారాయి.

"చల్లారిన పొయ్యిల నీళ్ళేందమ్మా?" అంది భూమవ్వ మెల్లగా.

"ఆ రోజువి అవ్వా." సిరీష బయటికి వచ్చి ఖాళీ చెంబు అత్తగారి చేతిలో పెట్టింది. "ఇక అమ్మెయ్యండి అత్తయ్యా."

నాగేంద్రమ్మకి కన్నీళ్ళు ఆగలేదు. నలుగురూ చూస్తున్నారని తుడుచుకోనూ లేదు. "కాసిం, గేటు దగ్గర నిలబడతావేం, లోపలికి రావయ్యా," అంది.

రాజేంద్రప్రసాద్ భార్యకి నాలుగడుగుల దూరంలో ఆగాడు. "సిరీ, ఆ డాబాకి... వస్తావా?"

ఆమె కాసిం వైపు తిరిగింది. "అన్నా, అత్తయ్య ఈ తొట్టి మీకిస్తానన్నారట. అది నేను సంతలో కొనుక్కున్నది. ఇవ్వను, ఏమనుకోకండి."

"గట్లనే చెల్లె. నీది నువ్వు తీస్కపో," అన్నాడు కాసిం.

అప్పుడు భర్త వైపు చూసింది. "దీన్ని ఆ డాబాకి చేర్చండి. ఎక్కడ పెట్టాలో మీరే చూసుకోండి. సిద్ధాంతిని అడుగుతారో, మరెవర్ని అడుగుతారో మీ ఇష్టం. రేపొచ్చి చూస్తాను. చూశాక చెబుతాను."

అంతే. బస్సు కోసం రోడ్డు మీదికి వెళ్ళి నిలబడింది.

రాజేంద్రప్రసాద్ తొట్టిలో నీళ్ళు పారబోశాడు. ఒక అంచు పట్టుకుని ఎత్తబోయాడు. ఒక్కడి వల్ల కాలేదు. కాసిం ముందుకు రాబోతే నాగేంద్రమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. రాజేంద్రప్రసాద్ వంగినవాడు వంగినట్టే తల తిప్పి బాబాయ్ వైపు చూశాడు. క్యాంపు అంతా అటే చూసింది. హరనాథబాబు పట్టు పంచె మడత పట్టుకుని, చేతిలో స్కూటరు తాళం తిప్పుతూ నిలబడ్డాడు.